మొదటి రౌండు మాస్టరు

తమిళుల ఆడి నెల మూడో ఆదివారం, పొద్దున ఐదు గంటల యాభై రెండు నిమిషాలకు మాస్టరు నిలబడిపోయాడు. టైము ఊహించి రాయడం లేదు. టీ బంకు గోడకున్న గడియారం నాకెదురుగానే ఉంది. పరుగు మొదలుపెట్టి నిమిషం కూడా కాలేదు. మొదటి రౌండులో ఎవరినీ ఆగనివ్వని మనిషి, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని నేల చూస్తూ ఆగిపోయాడు.

ఆ మనిషి పోయిన వారం చనిపోయాడు. మాధవరంలో మా గ్రౌండు గేటుకు ఆయన ఫోటోతో కన్నీటి అంజలి పోస్టరు కట్టారు. అది తమిళంలో ఉంది. నాకొచ్చినవి తెలుగు అక్షరాలు, అవైనా యాభై ఎనిమిదో ఏట వచ్చినవి. టీ బంకు కన్నియప్పన్ చదివి వినిపించాడు. ‘మాకు ఊపిరి తీసుకోవడం నేర్పిన మాస్టరుకు’ అని ఉందట. ఆ మాట రాయించింది ఎవరో కాదు, మా మనవరాలు భువనేనట.

చచ్చినవాళ్ళ గురించి మంచే చెప్పాలంటారు. చెప్పేవాళ్ళు చెప్పుకోనీ. ఆయన ఎవరికీ ఊపిరి నేర్పలేదు. ఉన్న ఊపిరి తీశాడు. చనిపోయాడు కదా అని నా కోపం చల్లారలేదు.

ఆయన ఏదో బడిలో డ్రిల్లు మాస్టరుగా చేసి రిటైరయ్యాడు. మావాళ్ళలాగే తాతల కాలంలో చిత్తూరు వైపు నుంచి వచ్చి ఇక్కడే నిలిచిపోయిన కుటుంబం. పొట్టి మనిషి. అందుకని గ్రౌండు మూల విరిగిన సిమెంటు బెంచీ ఎక్కి నిలబడేవాడు. నోట్లోంచి ఈల తీసేవాడు కాదు. తిట్టినా ఈల పక్కనుంచే తిట్టేవాడు, సగం మాట, సగం కూత. టీ తాగేటప్పుడు మాత్రం ఈల తాడు చెవికి తగిలించుకునేవాడు. కోపం వస్తే వాచీ ఉన్న మణికట్టు మీద రెండో చేత్తో టపటపా కొట్టుకునేవాడు, వాచీదే తప్పన్నట్టు.

ఎవరినీ పేరు పెట్టి పిలవడు. మొదటి రోజు వరసలో ఎన్నోవాళ్ళుగా నిలబడితే ఆ అంకే పేరు. మా భువన ఏడు. వరసలు మారినా, మనుషులు మారినా అది ఏడే. నన్ను మాత్రం పాలమ్మా అనేవాడు. నలభై ఏళ్ళు పాల కాలనీలో బర్రెలు మేపినదాన్ని, అమ్మేసి పదేళ్ళయినా ఆ వాసన పోలేదని నలుగురిలో అనేవాడు. మనలి ఫ్యాక్టరీల వైపు నుంచి గాలి తిరిగి ఊరంతా రసాయనాల కంపు కొట్టిన రోజు కూడా ముక్కు మూసుకుని నా వంకే చూసేవాడు. పిల్లలు నవ్వేవాళ్ళు. నాకూ ఒకటి రెండుసార్లు నవ్వొచ్చింది. ఆ సంగతి ఆయనకు తెలియనివ్వలేదు.

పోలీసు ఉద్యోగాలకు పరుగు పరీక్ష ఉంటుంది కదా, ఆ పరీక్షకు పోయే పిల్లలందరూ ఆయన దగ్గరకే వచ్చేవాళ్ళు. ఎవరి దగ్గరా ఏమీ పుచ్చుకునేవాడు కాదు. అది నిజం, రాస్తున్నాను. కానీ ఊరికే చేసినంత మాత్రాన తప్పు ఒప్పయిపోదు.

ఆయన సిద్ధాంతం ఒకటే. ఒళ్ళు దొంగ. దానికి పని చెప్పగానే ఆయాసం, నొప్పి, కళ్ళు తిరుగుతున్నాయి అని నాటకం మొదలుపెడుతుంది. మొదటి దెబ్బే గట్టిగా వేస్తే మళ్ళీ నోరెత్తదు. కాబట్టి మొదటి రౌండు ప్రాణం పోయేంత వేగంగా పరిగెత్తాలి. బెంచీ మీద నుంచి చప్పట్లు కొట్టి, పో, పో, పో అని అరిచేవాడు. గొడ్లను తోలేవాడు కూడా అట్లా తోలడు. చీకట్లో లేచి, ఖాళీ కడుపుతో వచ్చి, అప్పటిదాకా చేతులు కట్టుకుని నిలబడ్డ పిల్లలు ఒక్కసారిగా ఉరికేవాళ్ళు. సగం రౌండుకే ఒకరు డొక్క పట్టుకునేవాళ్ళు, ఇంకొకరు వంగి కక్కేవాళ్ళు. ఆయన చూపుడు వేలు చూపించి, "అంతా నడిప్పు" అనేవాడు. నటన అని.

ఆగినవాళ్ళకు ఒక మాట ఉండేది. ఆ మాట నేను వందసార్లు విన్నాను.

"మొదటి రౌండులో నిలబడినోడికి రెండో రౌండు లేదు. ఇంటికి పో."

పోయేవాళ్ళు. ఆ పోయినవాళ్ళలో ఎక్కువమంది మళ్ళీ ఏ గ్రౌండుకీ పోయి ఉండరు. తమలో ఆ ఊపిరే లేదని నమ్మి బతుకుతుంటారు. నాకు ఆయన మీద ఉన్న మొదటి కోపం అది.

వరంగల్లు నుంచి వచ్చిన శ్రీకాంత్ అనే కంప్యూటర్ పిల్లవాడు ఉన్నాడు. పోలీసూ లేదు, పరీక్షా లేదు, ఒళ్ళు తగ్గించుకుందామని వచ్చాడు. మొదటి రోజు వాడు ఆగి, నేల మీద కూలబడి నాతో చెప్పాడు.

"ఏందవ్వా గిట్లయితాంది. రెండు నిమిషాలు గూడ ఉరకలె, గుండె చెవులల్ల కొట్టుకుంటాంది. నాకేమన్న రోగముందా?"

రోగం లేదురా అన్నాను. అన్నాను గానీ, మరి ఏముందో చెప్పడం నాకూ చేతకాలేదు అప్పటికి.

నేను గ్రౌండుకు పోయింది పరిగెత్తడానికి కాదు, భువనకు తోడుగా. దాని సంగతి చెప్పాలి. బట్టల కంపెనీలో రోజుకు పది గంటలు నిలబడి కాజాలు కుట్టే పని. నిలబడి నిలబడి కాళ్ళ నరాలు అప్పుడే ఉబ్బాయి. పోలీసు రాత పరీక్ష రెండుసార్లు పాసయింది, రెండుసార్లూ పరుగులో పోయింది. ఈసారి కూడా పోతే వయసు దాటిపోతుంది, మళ్ళీ రాయనివ్వరు. ఆ కంపెనీలోనే ముసలిదవ్వాలి. రెండుసార్లూ అది పోయింది చివర్లో కాదు, మొదట్లో. ఈల వేయగానే అందరికంటే ముందు ఉరికింది, మాస్టరు చెప్పినట్టు. ఒకటిన్నర నిమిషానికి గొంతు ఎండి, కాళ్ళు రాళ్ళయి ఆగిపోయింది. ఇంటికొచ్చి చెప్పిన మాట ఒకటే. "నాకు మూచ్చు లేదవ్వా. మాస్టరు చెప్పింది కరెక్టు." మూచ్చు అంటే ఊపిరి. తెలుగులో చెబితే ఎక్కువ నొప్పి అనుకుందో ఏమో.

ఊపిరి లేదంటుంది, అదే పిల్ల పండగనాడు పాల కాలనీ నుంచి మైలాపూరు గుడిదాకా నడిచి, తిరిగి నడిచి వచ్చి, వంట చేసింది. ఊపిరి లేకపోతే అదెట్లా చేసింది? దీన్నే నాలుగు రోజులు ఆలోచించాను. ఐదో రోజు నాకు తట్టింది. తట్టింది కూడా కొత్త సంగతేమీ కాదు, నా చేతులకు నలభై ఏళ్ళుగా తెలిసిందే.

బర్రె దగ్గర చెంబు పట్టుకుని కూర్చోగానే పాలు రావు. పొదుగు నిండా ఉంటాయి, కానీ రావు. కడగాలి, నిమరాలి, దూడను ఒక్క క్షణం వదలాలి. అప్పుడు చన్నులు బిగుస్తాయి. దాన్ని చేపు అంటాం. బర్రె చేపింది అంటాం. చేపుకు రాకముందే పీకితే రెండు చుక్కలూ ఒక తన్నూ వస్తాయి. పని తెలియనివాడు ఆ రెండు చుక్కలు చూసి బర్రె వట్టిపోయింది అనుకుంటాడు. అట్లా అనుకుని మంచి బర్రెను సంతకు తోలినవాళ్ళను చూశాను.

మనిషి ఒళ్ళు కూడా అంతే. కాళ్ళు ఉరకడం మొదలుపెట్టగానే ఊపిరి కావాలి, ఇప్పుడే కావాలి అంటాయి. గుండె, రొమ్ము అప్పటికి నిద్ర లేచి ఉండవు. అవి చేపుకు రావడానికి కొన్ని నిమిషాలు పడుతుంది. ఈ లోపల వచ్చేదే ఆ చావు ఆయాసం. నిన్న మొదలుపెట్టినవాడికీ వస్తుంది, ఇరవై ఏళ్ళ నుంచి పరిగెత్తేవాడికీ వస్తుంది. పాతవాడికి అది పోతుందని తెలుసు. కొత్తవాడికి తెలియదు, అది తన లోపం అనుకుంటాడు. ఎంత వేగంగా మొదలుపెడితే అంత గట్టిగా తంతుంది.

మర్నాడే పోయి మాస్టరుకు చెప్పాను. అప్పుడాయన చెవికి ఈల తగిలించుకుని టీ తాగుతున్నాడు. చేపు సంగతి చెప్పి, పిల్లలను ముందు రెండు రౌండ్లు మెల్లగా నడిపించండి, తర్వాత ఉరికించండి అన్నాను. ఆయన గ్లాసు కింద పెట్టి, పిల్లలందరినీ పిలిచాడు.

"పాలమ్మ చెప్తా ఉండాది, వినండ్రా. మీరంతా బర్రెలంట. మీకు పొదుగు నిమరాలంట."

నవ్వు లేచింది. పక్కన నిలబడ్డ భువన ముఖం చూశాను. అది నవ్వలేదు. సిగ్గుతో నేలలోకి పోయింది. నన్ను బర్రె అన్నా పట్టించుకోను. కానీ దాన్ని నావల్ల సిగ్గుపడేట్టు చేశాడు. మాస్టరు మీద నాకున్న రెండో కోపం అది, మొదటిదానికంటే పెద్దది.

ఆ రోజు నుంచి నేనూ భువనా ముప్పావు గంట ముందే పోయేవాళ్ళం. షరతు ఒక్కటే. మొదటి రెండు రౌండ్లు నా నడక దాటి ముందుకు పోకూడదు. నా మోకాళ్ళకు ఎంత నడకో మీరే ఊహించుకోండి. మూడో రౌండు మెల్లగా పరిగెత్తాలి, పరిగెత్తుతూ నాతో గట్టిగా మాట్లాడాలి, మాట తెగితే వేగం తగ్గించాలి. నాలుగో రౌండుకు దాని చెంపలు ఎర్రబడి, చేతులు వాటంతట అవే ఊగేవి. "ఇప్పుడు చేపింది, పో" అనేదాన్ని. పోయేది. ఎవరి పిల్లో అనిపించేట్టు పోయేది. పది రోజులకు శ్రీకాంత్ కూడా వచ్చి నా వెనక నడక మొదలుపెట్టాడు.

ఆ ముందు పోవడంలోనే ఒకటి చూశాను. మాకంటే ముందే మాస్టరు అక్కడ ఉండేవాడు. భుజాన సిమెంటు సంచీ, చేతిలో టార్చి. రాత్రి తాగుబోతులు పగలగొట్టిన సీసాల గాజు పెంకులు ఏరేవాడు. గ్రౌండంతా తిరిగి, వంగి, లేచి, పిల్లలు వచ్చే టైమవుతోందని ఒక్కోసారి చిన్నగా పరిగెత్తి కూడా ఏరేవాడు. అరగంట పైనే. ఆ తర్వాత సంచీ గేటు దగ్గర పడేసి, పిల్లలు రాగానే, ఇట్లా పరిగెత్తాలి చూడండి అని బెంచీ దిగి మొదటి రౌండు బాణంలా కొట్టి వచ్చేవాడు. ఆ వయసులో ఒగర్పు లేదు, చెమట లేదు. పిల్లలు నోళ్ళు తెరిచి చూసేవాళ్ళు. మాస్టరుకు మూచ్చు ఉంది, మాకు లేదు అనుకునేవాళ్ళు.

ఆయన ఒళ్ళు అప్పటికే చేపుకు వచ్చి ఉండేది. గాజు పెంకులే ఆయనకు నా రెండు రౌండ్లు. పాపం ఆయనకు ఆ సంగతి తెలియదు. నిజంగానే తన మొదటి రౌండు అంత సులువు అనుకున్నాడు. చెప్పి ఉండొచ్చు. బర్రెల మాట అయ్యాక నేను ఆయనతో మాట్లాడటం మానేశాను, కాబట్టి చెప్పలేదు.

భువన వేగం పెరగడం చూసి ఒకరోజు బెంచీ మీద నుంచి నాకు వినపడేట్టు అన్నాడు, తన దెబ్బ ఇన్నాళ్ళకు పనిచేసిందని. నేను ఉమ్మేసి నడిచాను.

వేసవిలో ఆయనకు గుండె నొప్పి వచ్చింది. ఆస్పత్రిలో రక్తనాళంలో ఏదో గొట్టం పెట్టారట. మూడు నెలలు రాలేదు. పిల్లలు ఒక్కొక్కరే నా వెనక నడకకు చేరారు. గాజు పెంకుల పని ఎవరూ ఎత్తుకోలేదు, నేనూ ఎత్తుకోలేదు. అందరూ బూట్లు వేసుకుని వచ్చారు, అంతే.

ఆ ఆదివారానికి భువన పరీక్ష మూడు రోజుల్లో ఉంది, బుధవారం. మేం రెండో రౌండు నడుస్తున్నాం. గేటు దగ్గర ఆటో ఆగింది. మాస్టరు దిగాడు. చొక్కా వేలాడుతోంది, మెడ సన్నబడింది, నోట్లో ఈల మాత్రం అదే. వెనక ఆయన భార్య సరోజమ్మ, చేతిలో ఫ్లాస్కూ మాత్రల సంచీ. ఆయన బెంచీ ఎక్కబోయి, కాలు రాక, కిందనే నిలబడి, ముసల్దాని వెనక వరసగా పోతున్న మమ్మల్ని చూశాడు. ఇదేమన్నా శవయాత్రా అని అడిగాడు. ఎవరూ నవ్వలేదు. నవ్వకపోవడం ఆయనకు కొత్త.

ఈల వేసి భువనను పిలిచాడు.

"ఏడూ. బుధవారం నువ్వు పోవద్దు. ముసల్దాంతో నడిచి నడిచి నీ ఒళ్ళు ఇంకా సోంబేరి అయిపోయింది. ఆడ మొదటి రౌండులోనే పడతావు. రెండుసార్లు పడినావు, చాలదా?"

భువన నేల మీద కూర్చుని బూటు తాడు విప్పడం మొదలుపెట్టింది. ఒక కాలిది విప్పేసింది. నాలుగు నెలలుగా పేర్చినదంతా ఒక్క మాటకు కూలిపోవడం కళ్ళారా చూస్తున్నాను. ఆ పిల్ల బుధవారం పోదు. బట్టల కంపెనీకి పోతుంది.

ఆయన ఎట్లా మొదలుపెట్టాలో చూపిస్తానన్నాడు. సరోజమ్మ చెయ్యి పట్టుకుంది. "వద్దండీ. డాక్టరు నడవమన్నాడు, అంతే." సుమ్మా ఉండు, ఊరికే ఉండు అని చెయ్యి విదిలించి, ఆటోలోంచి దిగిన ఒంటితో, చల్లటి ఒంటితో, ఎప్పటిలాగే బాణంలా పోయాడు.

తర్వాతిది మొదటే రాశాను. ఆగిపోయాడు.

నొప్పి అయితే రొమ్ము పట్టుకునేవాడు. పట్టుకోలేదు. ముఖం ఎత్తాడు. ఆ ముఖం నాకు తెలుసు. భువనలో చూశాను, శ్రీకాంత్‌లో చూశాను, వంగి కక్కిన ప్రతి పిల్లలో చూశాను. నాలో లేదు, ఇంక అయిపోయింది అనే ముఖం. అరవై మూడేళ్ళ వయసులో ఆయన మొదటిసారి కొత్తవాడయ్యాడు.

భువన ఒక బూటుతోనే లేచి ఆయన వైపు పరిగెత్తబోయింది. నేను దాని రెక్క పట్టుకుని ఆపాను. అప్పటిదాకా ఆయన్ను మీరు అనే అన్నాను. ఆ రోజు నువ్వు అన్నాను.

"మొదటి రౌండులో నిలబడినోడికి రెండో రౌండు లేదని నువ్వే కదా చెప్పినావు. ఇంటికి పో."

గ్రౌండంతా వినపడింది. ఆయన నోట్లోంచి ఈల తీశాడు. ఎక్కడ పెట్టాలో తెలియనట్టు కాసేపు చేతిలో పట్టుకున్నాడు. సరోజమ్మ అరచెయ్యి చాపింది. అందులో పెట్టి, ఆటో ఎక్కాడు. మళ్ళీ రాలేదు.

బుధవారం భువన పోయింది. తెల్లారకముందే చేరి, స్టేడియం గోడ బయట రోడ్డు మీద అరగంట నడిచి, మెల్లగా పరిగెత్తి, ఆ చావు నిమిషాలేవో రోడ్డు మీదే అయిపోగొట్టుకుని లోపలికి పోయింది. పాసయింది. ఇప్పుడు ట్రైనింగులో ఉంది. ఫలితం వచ్చిన రోజు మిఠాయి పొట్లం తీసుకుని మొదట మాస్టరు ఇంటికి పోయి, ఆ తర్వాత నా దగ్గరకు వచ్చింది.

పోస్టరు సంగతి తెలిశాక ఫోను చేసి కడిగేశాను. ఊపిరి నేర్పింది ఆయనా అని అడిగాను. అది, తను బూట్లు కొనుక్కోకముందు మూడేళ్ళు ఉత్త కాళ్ళతో ఆ గ్రౌండులో పరిగెత్తిందని, ఒక్క పెంకు గుచ్చుకోలేదని చెప్పింది. గాజు గురించి రాయించుకో, ఊపిరి గురించి ఎందుకు రాయించావు అన్నాను.

"ఊపిరి నీది అని రాస్తే, ఆ పొద్దు నువ్వన్న మాట కూడా రాయాల్సి వస్తుంది అవ్వా. అందుకే ఆయనకు రాసేసినా."

నన్ను కాపాడిందట. నాకు ఎవరి కాపుదలా అక్కర్లేదు. చావు ఇంట్లో సరోజమ్మ కూడా వచ్చినవాళ్ళందరికీ చెప్పిందట, ఆయనే విశ్రాంతి కావాలని మానేశాడు, ఎవరూ ఒక్క మాట అనలేదు అని. అన్నారు. నేను అన్నాను.

మాటకు మనిషి చావడు. ఆయన గుండె అప్పటికే పాడైంది. దానికి నేను బాధ్యురాలిని కాను. కానీ ఆయన ఆగిన క్షణంలోనే నాకు తెలుసు, ఎందుకు ఆగాడో. ఆ రోజు గాజు ఏరలేదు, చేపు లేని ఒంటితో ఉరికాడు. రా మాస్టరూ, నా వెనక రెండు రౌండ్లు నడువు, అంతా సర్దుకుంటుంది అని ఒక్క మాట అంటే, నడిచేవాడో లేదో, రోజూ గ్రౌండుకైనా వచ్చేవాడు. ఆ మాట నాకు నోటి చివర ఉండింది. దాన్ని మింగి రెండోది అన్నాను. కావాలనే అన్నాను. ఆయన పిల్లలను నమ్మించిన అబద్ధమే ఆయన్ను నమ్మనిచ్చాను.

రేపు ఎవరూ అనలేదని ఎవరైనా అంటే, ఆ రోజు అక్కడ ఉన్నవాళ్ళను అడగండి. టీ బంకు కన్నియప్పన్. ఆటో తోలిన నాగరాజు. పరీక్ష పిల్లలు సెల్వం, ప్రియ, ముత్తులక్ష్మి. పొద్దున నడకకు వచ్చే బాషా గారు. వరంగల్లు శ్రీకాంత్. ఒక కాలికే బూటుతో మా భువన. ఈల పట్టుకుని సరోజమ్మ. నేను, చెంగమ్మను.